ఇంజెక్టర్లు ఇప్పే ముందు ఇది చదువుండ్రి

నల్గొండ

బుజ్జమ్మా, చిన్నోడా,

మీరు పంపిన వాయిస్ మెసేజ్‌ల ఇంజన్ సౌండ్ విన్న. ఐడిల్‌ల (బండి నిలబడి ఇంజన్ ఊకె తిరిగేటప్పుడు) దడదడ కొట్టుకుంటున్నది, ఒక సిలిండర్ సగమే పనిచేస్తున్నట్టున్నది. అక్కడి మెకానిక్ మూడు ఇంజెక్టర్లూ (ఇంజన్‌లకు పెట్రోలు చిమ్మే నాజిళ్లు) పోయినయ్, కొత్తయి ఎయ్యాలె అన్నడట. అంటడు మరి, కొత్తయి ఎయ్యుడు ఆయనకు అల్కటి పని. మార్కెట్ల డూప్లికేట్లు మస్తు తిరుగుతున్నయ్, పైసలు పోసి గవి కొనేబదులు పాతయి తీసి మంచిగ చేయించుకునుడు నయం. మారుతి 800ల ఈ పని భయపడేంతది కాదు, ఓపిక ఉండాలె, నెత్తి చల్లగ ఉండాలె, గంతే.

మన బండి ఎంపీఎఫ్ఐ, అంటె ఒక్కో సిలిండర్‌కు వేరే ఇంజెక్టర్ పెట్రోలు కొట్టే రకం. అంతకుముందొచ్చిన 800లకు గాలిల పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉండేది, 2000 సంవత్సరం ఏప్రిల్ నుంచి దేశమంతా పొగ రూల్స్ గట్టి చేసినంక కార్బురేటర్ బండ్లు మెల్లమెల్లగ పక్కకు పోయినయ్. మనదాంట్ల మూడు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో ఇంజెక్టర్, అది ఇన్‌టేక్ వాల్వ్ ముందట, ఇంజన్‌లకు గాలి పోయే మానిఫోల్డ్ గొట్టంల కూసుంటది. లోపల ఒక కాయిల్, ఒక స్ప్రింగు, ఒక సూది. కంప్యూటర్ కరెంటు ఇస్తే సూది లేస్తది, కొన్ని మిల్లీ సెకన్లు పెట్రోలు కొట్టి మళ్ల మూసుకుంటది. పత్తికి మందు కొట్టే పంపు నాజిల్ల చెత్త ఇరికితే పొగమంచు లెక్క రావాల్సింది పిచ్చికారె లెక్క ఒకటే దార కొడతది సూడుండ్రి, ఇంజెక్టర్ల జరిగేది గదే. దార పడితే పెట్రోలు సక్కగ మండది, మిస్సింగ్ వస్తది, మైలేజీ పడిపోతది.

చెత్త ఎక్కడికెళ్లి వస్తది అని అడిగినవ్ గదా చిన్నోడా. ట్యాంకుల తుప్పు, దుమ్ము ఉంటే ఫిల్టర్ చాలావరకు ఆపుతది, అసలు దొంగ వేరే ఉన్నడు. బండి బంద్ చేసినంక ఇంజన్ వేడి అట్లనే ఉంటది గదా, ఇంజెక్టర్ మూతి కాడ మిగిలిన చుక్క పెట్రోలు ఆ వేడికి ఆవిరైపోయి జిగురు లెక్క అంటుకుంటది, రోజూ కొంచెం కొంచెం. మన దిక్కు మే నెల ఎండల్ల ఇంటికాడికెళ్లి క్లాక్ టవర్ దాకా పోయి, బంద్ చేసి, మళ్ల స్టార్ట్ చేసి ఇట్ల తిరిగే బండికి ఇది ఇంకా తొందరగ అయితది. నెలల తరబడి నిలబెట్టిన బండికి కూడ అంతే.

కానీ ముందు ఇంజెక్టరే తప్పు అని ఖాయం చేసుకోండ్రి. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ సూడకుండ ఇంజెక్టర్ల మీద పడేటోడు మెకానిక్కే కాదు. ఐడిల్‌ల నడుస్తుంటే ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ ఊడబీకి సూడుండ్రి, ఏ సిలిండర్‌ది పీకితే ఇంజన్ సౌండ్ మారదో ఆ సిలిండరే పనిచేస్తలేదని. పెద్ద స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద పెట్టి పిడి చెవికి ఆనిచ్చుకుంటే టిక్ టిక్ టిక్ అని వినిపిస్తది, వినిపించకపోతే వైరో కాయిలో సూడాలె. బుజ్జమ్మా, చున్నీ ముడేసుకో, బెల్టు తిరుగుతుంటది. మల్టీమీటర్ ఉంటే బండి బంద్ చేసి కాయిల్ ఓమ్‌లు కొలువుండ్రి, చాలా బండ్లల్ల 12 నుంచి 16 మధ్యల వస్తది, మూడింటిది దగ్గరదగ్గరగ ఒకటే లెక్క రావాలె, ఒకటి దూరం పోతే దాన్ని ఎంత కడిగినా లాభం లేదు, కాయిల్ పోయినట్టే.

ఇగ ఊడబీకుడు సంగతి. ఈ ముచ్చట మెల్లగ చదువుండ్రి, ఎందుకంటె పైపుల పెట్రోలు ఊకె ఉండదు, సుమారు 3 బార్ ప్రెజర్ మీద ఉంటది, పైపు అట్లనే వదులు చేస్తే మొఖం మీద కొడతది. పెట్రోల్ పంపు రిలే (పంపుకు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు డబ్బి) పీకి బండి స్టార్ట్ చేయుండ్రి, పైపుల ఉన్నది తాగి దానంతట అదే ఆగిపోతది, మళ్ల రెండు మూడు సెల్ఫులు కొట్టి అప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యుండ్రి. ఇంజన్ చల్లగ అయ్యేదాక ఆగుండ్రి. పక్కన ఎవరూ బీడీ ముట్టియ్యొద్దు, ఇంట్ల దేవుని దీపం దగ్గర్ల కూడ ఈ పని పెట్టుకోవద్దు, మంటలార్పే డబ్బా చేతికందేటట్టు పెట్టుకోండ్రి.

ఇంకోటి, చాలామంది మరిచేది. మన బండి మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల కాడ తిరిగిన బండి, ఇంజన్ మీద ఊక దుమ్ము మానిఫోల్డ్ సందులల్ల పేరుకపోయి ఉంటది. ఇంజెక్టర్ పీకంగనే ఆ దుమ్ము పోయేది సక్కగ ఆ బొక్కలకే, అక్కడికెళ్లి వాల్వ్ మీదికి. అందుకని ముందు గాలి కొట్టిచ్చుండ్రి, బ్రష్షుతోని తుడువుండ్రి, బోల్టు చుట్టూ వేలు పెడితే దుమ్ము అంటొద్దు, అప్పుడు స్పానర్ ముట్టుకోండ్రి.

కనెక్టర్ల క్లిప్పులు పాతగై పెళుసు ఎక్కి ఉంటయ్, గుంజితే పుటుక్కున ఇరుగుతయ్. వైరు క్లిప్పు ఉంటే సన్న స్క్రూడ్రైవర్‌తోని జరుపుండ్రి, వైరు పట్టుకోని గుంజొద్దు, ప్లాస్టిక్ పట్టుకోని తియ్యుండ్రి. ఏ వైరు ఏ సిలిండర్‌దో టేపు మీద రాసి అంటించుండ్రి. రెయిల్ (మూడు ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) బోల్టులు రెండు దిక్కులా సమంగ వదులు చేసి, రెయిల్ ఇంజెక్టర్లతో సహా పైకి లేపితే అన్నీ కలిసి వస్తయ్. ఒకటి గట్టిగ పట్టుకుంటే అటు ఇటు తిప్పుకుంట పీకుండ్రి, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. బొక్కలల్ల నూగు రాలని శుభ్రమైన బట్ట పెట్టుండ్రి, దాని తోక బయటికి కనపడాలె, లోపల మరిచిపోతే ఇంజనే గుంజుకుంటది.

బయట "ఇంజెక్టర్ రీబిల్డ్" అంటరు గాని దాన్ని ఇప్పి చేసుడు ఏముండదు, బాడీ ఫ్యాక్టరీలనే మూసేసి ఉంటది. మార్చేవి మూడు: పైన ఉండే సన్న జాలి ఫిల్టర్, పై కింది ఓ రింగులు (పెట్రోలు కారకుండ ఆపే గుండ్రటి రబ్బరు రింగులు), కొన్నిటికి మూతి మీద ఉండే ప్లాస్టిక్ టోపీ. జాలి తీసేదానికి ఒక సన్న స్క్రూ దాంట్ల కొంచెం తిప్పి స్క్రూతోని గుంజుతరు, పాతది తీసేస్తేనే కడిగే మందు లోపలికి సక్కగ ఎక్కుతది.

కడుగుడు మాత్రం టెస్ట్ బెంచ్ (ఇంజెక్టర్లు నడిపి పరీక్ష చేసే మెషిన్) ఉన్నోళ్ల కాడ ఇవ్వుండ్రి. ఇంట్ల బ్యాటరీ తగిలించి, క్లీనర్ స్ప్రే కొట్టి చేస్తరు కొందరు, నాకైతే ఇష్టం లేదు, నిప్పురవ్వా పెట్రోలు వాసనా ఒక్కకాడ ఎందుకు. అల్ట్రాసోనిక్ మెషిన్‌ల ఏస్తే చెవికి వినపడని సౌండ్ అదురుడుకు నీళ్లల్ల సన్న బుడగలు పుట్టి పగిలి ఆ జిగురును ఒలుస్తయ్. ఆయన అయిపోయింది తీస్కపొండ్రి అంటే తీస్కరావొద్దు. ముందట నిలబడి ఒక్కోటి స్ప్రే ఎట్ల కొడుతున్నదో సూడుండ్రి, ప్రెజర్ పెట్టి మూసినప్పుడు చుక్క కారుతున్నదో లేదో సూడుండ్రి, మూడు గాజు గొట్టాలల్ల ఒకే టైంల పడ్డది సమంగ ఉన్నదో సూడుండ్రి. చుక్క కారే ఇంజెక్టర్‌ను నేను మళ్ల ఎక్కియ్య, అది రాత్రి సిలిండర్‌ల పెట్రోలు నింపుతది, ఇంజన్ ఆయిల్‌ల కలుపుతది.

ఓ రింగుల కాడ పిసినారితనం వద్దు. బోరు మోటర్ల దుకాణంల అదే సైజు దొరుకుతది, పది రూపాయలే అంటడు, అది నీళ్లకు చేసింది. పెట్రోల్‌కు వైటాన్ రింగు (పెట్రోలుకు, వేడికి తట్టుకునే రబ్బరుది) అడుగుండ్రి. ఇప్పుడు బంకులల్ల పెట్రోల్‌తోపాటు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది, పాత బండ్ల రబ్బరు దానికి చేసింది కాదు, గట్టిపడో ఉబ్బో కారుడు మొదలుపెడతది. పైపులు కూడ పాతగ ఉంటే ఈ పనిలనే మార్చేసుకోండ్రి.

ఎక్కిచ్చేటప్పుడు రింగు మీద ఒక చుక్క కొత్త ఇంజన్ ఆయిల్ రాసి సక్కగ దించుండ్రి, సిలికాన్ గమ్ము మాత్రం వద్దు. రింగు మెలితిరిగితే పెట్రోలు పైన కారుతది, కిందిది సరిగ కూసోకపోతే గాలి లాక్కోని ఐడిల్ ఊగుతది. కూసున్నాక ఇంజెక్టర్ వేళ్లతోని అటు ఇటు తిరగాలె, బిగుసుకపోయిందంటే తీసి మళ్ల పెట్టుండ్రి. రెయిల్ బోల్టులు మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించుండ్రి, అల్యూమినియంల మర పోతే బాధ వేరే ఉంటది.

బ్యాటరీ, రిలే పెట్టినంక సెల్ఫ్ కొట్టకుండ తాళం ఆన్ చేసి ఆపుండ్రి, రెండు మూడుసార్లు. పంపు రెండు మూడు సెకన్లల్లనే ఆగిపోతది గాని ప్రెజర్ ఎక్కుతది. టార్చి ఏసి ఒక్కో రింగు కాడ వేలు పెట్టి సూడుండ్రి, తడి ఉన్నా వాసన ఉన్నా సెల్ఫ్ కొట్టొద్దు. ఎండిపోయి ఉంటేనే స్టార్ట్ చేయుండ్రి, మొదట కొంచెం తిప్పలు పెడతది, అయితది.

నడిచినంక డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ ఎంతున్నదో సూసే పుల్ల) తీసి వాసన సూడుండ్రి. పెట్రోలు వాసన వస్తే ఇంజన్ ఆయిల్, దాని ఫిల్టర్ రెండూ మార్చి, ఆ తర్వాతే నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కుండ్రి. పాత రింగులు, జాలీలు పారెయ్యకుండ ఒక కవర్ల ఏసి తీసుకరండ్రి, నాకు సూడాలె.

మీ తాత