ఒక్క ఓటుతో ఓడిన జర్మన్ భాష? ఆ కథ వెనక ఒక రైతు కుటుంబం

2025 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు ఇంగ్లిష్‌ను దేశ అధికార భాషగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. కేంద్ర స్థాయిలో ఆ దేశానికి అధికార భాష అంటూ అంతకుముందు ఏదీ లేదు. అక్కడ భాష గొడవ లేచినప్పుడల్లా ఒక పాత కథ కూడా లేస్తుంది. ఒకప్పుడు జర్మన్ అధికార భాష కావాల్సిందట, ఒక్క ఓటు తేడాతో పోయిందట, పోగొట్టింది కూడా జర్మన్ ఇంటి బిడ్డేనట. ఆ బిడ్డ పేరు ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్. కథలో నిజమెంతో చివర్లో చూద్దాం. అంతకంటే ముందు అతని అమ్మ వైపు తాత గురించి తెలుసుకోవాలి. వలసొచ్చినవాళ్ళ మీద అనుమానం, భూమి తగాదా, రెండు భాషల మధ్య నలిగే బతుకు, అన్నీ ఆ ఒక్క ఇంట్లోనే కనిపిస్తాయి.

తాత కోన్రాడ్ వైజర్. 1696లో జర్మన్ నేల మీద వుర్టెంబర్గ్ సంస్థానంలో పుట్టాడు. తండ్రి కొంతకాలం సైన్యంలో చేసి, తర్వాత రొట్టెల బట్టీ పెట్టుకున్నాడు. అప్పటికే ఫ్రెంచి సైన్యాలు ఆ ప్రాంతాన్ని తొక్కి పోయాయి, పైన పన్నులు. 1709 చలికాలం ఎంత గట్టిగా వచ్చిందంటే ద్రాక్షతోటలు మొదళ్ళతో సహా చచ్చాయి. ఆ ఏడే వైజర్ తల్లి కూడా పోయింది. ఇంగ్లండు రాణి అమెరికాలో భూములిస్తోందన్న మాట ఊరూరా పాకింది. తండ్రి పెళ్ళయిన పెద్దకూతుర్ని అక్కడే ఉంచి, మిగతా పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరాడు.

ఆ వేసవిలో అలా లండన్ చేరినవాళ్ళు సుమారు 13 వేలమంది. అంతమందికి తిండిపెట్టలేక ప్రభుత్వం ఒక ఉపాయం ఆలోచించింది. వీళ్ళను న్యూయార్క్ పంపి, పైన్ చెట్ల నుంచి ఓడలకు కావలసిన తారు తీయించాలి, ఆ పనితోనే దారి ఖర్చు తీర్చుకోవాలి. 1710లో దాదాపు 2,800 మంది ఓడలెక్కారు. టైఫస్ జ్వరానికి దారిలోనూ దిగాకానూ వందలమంది చచ్చిపోయారు. గవర్నర్ రాబర్ట్ హంటర్ చాలామంది పిల్లల్ని పెద్దలనుంచి విడదీసి పనికి కుదిర్చాడు. వైజర్ తమ్ముళ్ళలో ఇద్దరు అలాగే పనికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. తారు సరిగా రాలేదు. 1712లో డబ్బు అయిపోయి, మీ తిండి మీరే చూసుకోండి అనేశాడు గవర్నర్.

అప్పుడు వైజర్ తండ్రి వేసిన ఎత్తు ఆ కొడుకు జీవితాన్నే మార్చేసింది. జర్మన్ కుటుంబాలు న్యూయార్క్‌లోనే ఉన్న స్కోహరీ లోయకు పోదామనుకున్నాయి. అది అక్కడి స్థానిక మోహాక్ తెగ నేల. వాళ్ళ మాట తెలిసినవాడు మనలో ఒకడుండాలి కదా అని, పదహారేళ్ళ కోన్రాడ్‌ను ఒక మోహాక్ పెద్ద ఇంట్లో వదిలాడు. 1712 చలికాలం నుంచి మరుసటి వేసవి దాకా అక్కడే. ఒంటిమీద చలికి సరిపడా బట్ట లేదు, తెగకే తిండి కరువు. తాగినవాళ్ళు చంపేస్తారేమోనని దాక్కునేవాణ్ణని ముసలితనంలో తనే రాసుకున్నాడు. వచ్చేటప్పటికి మాత్రం భాష వచ్చేసింది. మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు ఐఇఎల్‌టిఎస్‌కు టెన్షన్ పడతారు, ఆ కుర్రాడి కోచింగ్ అది.

స్కోహరీలో ఇళ్ళు కట్టాక, పొలాలు సాగుచేశాక తెలిసింది, పట్టా వేరేవాళ్ళ పేరున ఉందని. గవర్నర్ ఆ భూమిని ఆల్బనీ పెద్దమనుషులు ఏడుగురికి రాసిచ్చేశాడు. తండ్రి న్యాయం అడగడానికి లండన్ వెళ్ళి, అప్పులపాలై జైల్లో కూర్చుని వచ్చాడు. కొందరు అక్కడే కౌలుకో కొనుక్కోవడానికో ఒప్పుకున్నారు. కొందరు 1723లో ససక్వెహానా నది మీద పడవల్లో దిగి పెన్సిల్వేనియాలోని టల్పహాకెన్ చేరారు. వైజర్ కుటుంబం 1729లో వచ్చింది. 1720లో పెళ్ళాడిన ఆనా ఈవ్, పిల్లలు, 200 ఎకరాల నేల. ఆనా ఈవ్ మోహాక్ పిల్ల అని చాలాకాలం చెప్పుకున్నారు గానీ, ఆమె కూడా తోటి జర్మన్ కుటుంబం పిల్లే. మొత్తం 14 కాన్పులు, పెద్దవాళ్ళయినవి ఏడు ప్రాణాలు. 1736లో పుట్టిన బెంజమిన్ పోతే, 1744లో పుట్టిన కొడుక్కి మళ్ళీ బెంజమిన్ అనే పెట్టుకున్నారు. వైజర్ పొలంతోపాటు తోళ్ళు ఊనే పని కూడా చేసేవాడు. మధ్యలో కొన్నేళ్ళు ఎఫ్రటా అనే క్రైస్తవ మఠంలో చేరి గడ్డం పెంచాడు. ఆ కాలంలో ఇల్లూ పొలమూ ఎవరి మీద నడిచాయో వేరే చెప్పక్కర్లేదు.

అసలు ముడి టల్పహాకెన్ నేలలోనే ఉంది. జర్మన్లు అక్కడ ఇళ్ళు వేసినప్పుడు ఆ భూమిని అక్కడి స్థానిక లెనాపే తెగ ఎవరికీ అమ్మలేదు. వాళ్ళ పెద్ద ససూనన్ 1728లో ఫిలడెల్ఫియా వచ్చి, మా నేల కొనకుండా ఎలా కూర్చున్నారని నిలదీశాడు. ప్రభుత్వం 1732లో గానీ కొనలేదు. స్కోహరీలో పట్టా లేక మోసపోయినవాళ్ళే ఇక్కడ కొనని నేల దున్నుతున్నారు.

మోహాక్ భాష తెలిసిన వైజర్‌ను ప్రభుత్వం దుబాసీగా పెట్టుకుంది. 1737లో పెన్సిల్వేనియా యజమానులైన పెన్ కుటుంబం లెనాపేలను ‘నడక కొనుగోలు’తో ముంచింది. మనిషి ఒకటిన్నర రోజు నడిచినంత మేర మాది అని పాత పత్రం చూపించి, ముందే బాట నరికించి, గట్టిగా నడిచేవాళ్ళను కుదిర్చి, దాదాపు 100 కిలోమీటర్లు లాగేశారు. 1742లో ఇరొక్వా (మోహాక్‌లు కూడా ఉన్న తెగల కూటమి) పెద్ద కనసటేగో ఫిలడెల్ఫియాలో లెనాపేలను ఆ నేల ఖాళీ చేసి పొమ్మని అందరిముందూ గద్దించాడు. ఆ మాటలను ఇంగ్లిష్‌లోకి చెప్పింది వైజరే. 1754లో ఆల్బనీలో మరో పెద్ద కొనుగోలుకూ ఆయనే సాయం. బలమున్న ఇరొక్వాలతో స్నేహం, బలహీనులైన లెనాపేల ఖర్చుతో: ఆయన నడిపిన విధానం అదే. మధ్యవర్తి అని మెచ్చుకునేవాళ్ళు ఈ భాగం తొందరగా దాటేస్తారు.

ఫలితం 1755లో ఇంటి గుమ్మానికే వచ్చింది. నేల పోయిన లెనాపేలు ఫ్రెంచివాళ్ళతో కలిసి సరిహద్దు ఊళ్ళ మీద పడ్డారు. వైజర్ రైతుల్ని కూడగట్టి తుపాకీ పట్టించాడు. అదే జనం ఆయన మీద తిరగబడ్డారు. ఇండియన్ల (అంటే ఆ స్థానిక తెగల) పక్షం వాడివి, ఈ చావులు నీకు ముందే తెలుసు, నువ్వు ద్రోహివి అని అరిచారని గవర్నరుకు రాసుకున్నాడు. పోయింది 1760లో.

ఇంగ్లిష్‌వాళ్ళ అనుమానం ఇంకో వైపు నుంచి. 1727 నుంచి జర్మన్ మగవాళ్ళు ఓడ దిగగానే రాజుకు విధేయత ప్రమాణం చేయాలి. 1751లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఈ మొరటు జర్మన్లు గుంపులుగా వచ్చి మన భాషా ఆచారాలు నేర్వకుండా మనల్నే జర్మన్లుగా మార్చేస్తారని రాశాడు. ఆ మాటను ప్రత్యర్థులు 1764 పెన్సిల్వేనియా శాసనసభ ఎన్నికల్లో జర్మన్లకు గుర్తుచేశారు. ఫ్రాంక్లిన్ ఓడిపోయాడు.

వైజర్ కూతురు ఆనా మరియాను 1745లో పెళ్ళాడినవాడు హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్, జర్మనీలోని హాలే నుంచి వచ్చిన లూథరన్ పాదిరి. ఆ హాలేలోనే 1746లో బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మ్యూలెన్‌బర్గ్ 1748లో పెట్టిన పెన్సిల్వేనియా చర్చి సంఘమే తర్వాత హయ్యర్ పాదిరిని పంపింది. ఆయన 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ గురించి గుంటూరువాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు.

ఆనా మరియా కొడుకే ఫ్రెడరిక్. 1789లో అమెరికా ప్రతినిధుల సభకు మొదటి స్పీకర్. ఇక ఆ ఓటు సంగతి. 1794లో వర్జీనియా జర్మన్లు అడిగింది అధికార భాష హోదా కాదు, చట్టాలకు జర్మన్ అనువాదాలు. 1795లో చర్చను వాయిదా వేయాలన్న ప్రతిపాదన 42–41తో ఓడింది. పుకారుకు దొరికిన ఒక్క ఓటు అదే. ఫ్రెడరిక్ ఎటు ఓటేశాడో రికార్డులో లేదు. అనువాదాల కోరిక మాత్రం నెగ్గలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రం మాత్రం తర్వాత కూడా చాలాకాలం తన చట్టాలను జర్మన్‌లో అచ్చు వేస్తూనే వచ్చింది.