నాటకానికి లైట్లు చేయబోతున్న పిల్లలకు

పిల్లలూ,

ఈ ఏడాది మీ డిపార్ట్‌మెంట్ వేస్తున్న నాటకానికి లైటింగ్ మీ జట్టుకి అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. "అసలు లైటింగ్ డిజైనర్ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?" అని అడిగారు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. మొదటి ప్రదర్శన రోజు సాయంత్రం డిజైనర్ చేతిలో పని ఉండకూడదు. లైట్లు నడిపే బోర్డు దగ్గర మీరు కూర్చోకూడదు. మీకు తెలిసిందంతా అప్పటికే కాగితం మీదికి, ఆ కాగితం ఇంకొకరి చేతిలోకి చేరిపోయి ఉండాలి. ఆ రోజు మీకు జ్వరమొచ్చి హాస్టల్‌లో పడుకున్నా, నాటకం మీరు అనుకున్న వెలుగులోనే నడవాలి. అందుకు ఏమేం కావాలో అదంతా మీ బాధ్యతే.

మొదట స్క్రిప్ట్. తొలిసారి పెన్సిల్ పట్టుకోకుండా, ప్రేక్షకుల్లా చదవండి. ఎక్కడ ఊపిరి బిగబట్టారో, ఎక్కడ విసుగొచ్చిందో గుర్తుపెట్టుకోండి. నాటకం కంఠస్థం అయ్యాక ఆ తొలి అనుభవం మళ్లీ రాదు. రెండోసారి పెన్సిల్‌తో చదవండి. ఏ సీను ఏ వేళ జరుగుతోంది, ఇంట్లోనా బయటా, వెలుగు ఎటునుంచి వస్తోంది: కిటికీయా, లాంతరా, ట్యూబ్‌లైటా, వెన్నెలా? పాత్రలే వెలుగు గురించి మాట్లాడే చోట్లు ఉంటాయి. "దీపం పెట్టవే" అని అత్తగారి పాత్ర అంటే ఆ మాట మీ కోసం కూడా. ఆ దీపం ఎవరు వెలిగిస్తారో, ఏ మాట మీద వెలిగిస్తారో, వెలిగాక గది ఎంత మారాలో మీరే తేల్చాలి. మూడోసారి ప్రతి సీను దగ్గరా ఆగి, ఇక్కడ ప్రేక్షకుడు ఎవర్ని చూడాలి అని అడగండి. మాట్లాడేవాళ్లనా, వింటున్నవాళ్లనా? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే సగం డిజైన్ అయిపోయినట్టే.

తరవాత డైరెక్టర్. యూనివర్సిటీలో డైరెక్టర్ సాధారణంగా మీకు పాఠం చెప్పే సారో మేడమో అయి ఉంటారు. "ఇక్కడ కాస్త మూడీగా కావాలి" అంటే "సరే సార్" అని వచ్చెయ్యకండి. ఏ వేళ, ఎవరి ముఖం కనబడాలి, ఎవరిది కనబడక్కర్లేదు, ఆ మార్పు ప్రేక్షకుడికి తెలిసేలా రావాలా తెలియకుండా రావాలా అని అడగండి. మీ అభిప్రాయం వేరైతే చెప్పండి. కాకపోతే రిహార్సల్ అయ్యాక చెప్పండి, నటుల ముందు వద్దు. సెట్ చేసేవాళ్లతో, కాస్ట్యూమ్స్ చూసేవాళ్లతో కూడా మొదటి వారంలోనే కూర్చోవాలి. సెట్‌లో పైకప్పు పెడుతున్నారని ఫోకస్ రోజున, అంటే లైట్లు గురిపెట్టే రోజున తెలిస్తే చేసేదేమీ ఉండదు. చీరలు కొనకముందే బట్ట ముక్కలు అడిగి తెచ్చుకుని, మీరు వాడబోయే రంగు కాగితాల వెలుగులో పట్టి చూడండి. ఎర్ర చీర మీద ఆకుపచ్చ వెలుగు పడితే నల్లగా కనిపిస్తుంది. నీలం జాకెట్టు మీద ముదురు పసుపు వెలుగు పడితే బూడిద రంగుకి తిరుగుతుంది. పెళ్లికూతురు ముసురు పట్టినట్టు కనబడితే తప్పు కాస్ట్యూమ్స్ వాళ్లది కాదు.

రిహార్సల్స్‌కి వెళ్లాలి. ఇది చాలామంది ఎగ్గొట్టే పని. లైట్లు ఇంకా కట్టలేదు కదా, ఇప్పుడు వెళ్లి ఏం చేస్తాం అనుకుంటారు. స్టేజి నేల ప్లాన్ కాపీలు తీసుకుని, ఒక్కో సీనుకి ఒక్కో కాగితం మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు నడిచారో గీతలు గీయండి. నాటకంలో అతి ముఖ్యమైన మాటలు ఏ మూల నిలబడి చెబుతున్నారో అక్కడే తెలుస్తుంది. అది మీ లైట్లు అందని మూలైతే, డైరెక్టర్‌తో మాట్లాడి మనిషిని రెండడుగులు జరపొచ్చు. ఆ రెండడుగులు రిహార్సల్‌లో తేలిగ్గా జరుగుతాయి. చివరి వారంలో జరపాలంటే నటుడికి టెన్షన్, మీకు టెన్షన్.

ఇక ముఖాల సంగతి. మన నాటకం మాట మీద నిలబడింది. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో తెల్లవార్లూ పద్యనాటకాలు చూసినవాళ్లు మన తాతలు. అక్కడున్నది ఒకటే నియమం, నటుడి ముఖం కనబడాలి. నోరు కనబడకపోతే మాట వినబడలేదని వెనక వరసలో గొణుగుడు మొదలవుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో లైటింగ్ బోధించిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో ముఖాలకి వెలుగు పెట్టే ఒక పద్ధతిని పుస్తకంగా ప్రచురించాడు. స్టేజిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికీ ముందు నుంచి రెండు లైట్లు పెడతారు. ఒకటి ఎడమ పక్క, ఒకటి కుడి పక్క, సుమారు 45 డిగ్రీల ఎత్తులో. ఒకటి వెచ్చని రంగు, రెండోది చల్లని రంగు. దీంతో ముక్కూ చెంపలూ బల్లపరుపుగా కాకుండా మనిషి ముఖంలా కనబడతాయి. ఇన్నేళ్ల తరవాత కూడా విద్యార్థులు మొదట నేర్చుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం. కానీ ఆ కాలపు పుస్తకాల్లోని రంగులు ఎక్కువగా తెల్ల చర్మాల కోసం ఎంచినవి. మన చామనఛాయకి, నలుపుకి ముదురు నీలిరంగు చల్లదనం ఎక్కువైతే ముఖం బూడిద పూసినట్టు ఉంటుంది. లేత పసుపు, లేత వంగపండు రంగులు మన ముఖాలకి బాగా నప్పుతాయి. మీ నటుల్నే తెచ్చి నిలబెట్టి చూసుకోండి. ఒకే స్టేజి మీద పచ్చని ఛాయ వాళ్లూ, నల్లని ఛాయ వాళ్లూ పక్కపక్కన ఉంటే, ఇద్దరి ముఖాలూ సమానంగా కనబడేలా చూసే పూచీ మీది. నల్లగా ఉన్న పిల్లకి మేకప్ దట్టించి సరిపెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక లైటు జరిపితే పోయేదానికి ఆ పిల్ల మనసు ఎందుకు నొప్పించాలి?

భాగాలు 6 అనుకుంటే, ముందు నుంచే 12 లైట్లు కావాలి. వెనక నుంచి, పక్క నుంచి వేరే. కాబట్టి కాగితం మీద ఒక్క గీత గీయకముందే స్టోర్ రూమ్ తాళం తీయించి లెక్క చూసుకోండి. జాబితాలో 30 ఉంటే వెలిగేవి 20 ఉండొచ్చు. లైట్లలో రకాలు ఉంటాయి: పీసీ స్పాట్లు ఎన్ని, ఫ్రెనెల్ ఎన్ని, ప్రొఫైల్ ఎన్ని, పార్‌లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఏ వైరు తొక్క చిట్లింది. ఉన్నవాటితో డిజైన్ చేయడం చేతకానితనమేమీ కాదు. లైటింగ్ డిజైనర్ తాపస్ సేన్ గురించి మీరు తెలుసుకోవాలి. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో 'అంగార్' అనే బొగ్గుగని నాటకానికి ఆయన లైట్లు చేశారు. గనిలో చిక్కుకుపోయిన కార్మికుల మీదికి నీళ్లు అంతకంతకూ పెరుగుతూ వచ్చే దృశ్యాన్ని వెలుగుతోనే కల్పించారు. స్టేజి మీద చుక్క నీళ్లు లేవు. ఈనాటి కంప్యూటర్ బోర్డులూ, ఎల్ఈడీలూ అప్పుడు లేవు. మన తెలుగులోనే, 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి వాళ్లు తరతరాలుగా మాయలూ మంత్రాలూ కళ్లముందు నిలబెట్టింది కుటుంబమంతా కలిసి చేసే కష్టంతోనే.

ఎల్ఈడీల గురించి ఒక మాట. మూడు రంగులకీ 256 మెట్లు చొప్పున లెక్కేస్తే ఒక్కో లైటు 1,67,77,216 రంగులు ఇస్తుంది. అన్నీ వాడాలని చేతులు దురద పెడతాయి. వద్దు. మూడు రంగులు కలిపి తెలుపు చేస్తే బట్ట మీద పరవాలేదనిపిస్తుంది కానీ ముఖం మీద ప్రాణం ఉండదు. ముఖాలకి హాలోజనో, వెచ్చని తెలుపు ఎల్ఈడీయో వాడండి. రంగుల ఎల్ఈడీలు వెనక తెరకీ, పక్క వెలుగుకీ ఉంచండి. ఇంకొకటి, ఎల్ఈడీని డిమ్మర్ (వెలుగు తగ్గించి పెంచే పరికరం) ఛానెల్‌కి ఎప్పుడూ తగిలించకండి. దానికి నేరుగా కరెంటు ఇవ్వాలి, లేకపోతే లోపలి సర్క్యూట్ పాడవుతుంది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. 1000 వాట్ల లైటు 230 వోల్టుల మీద సుమారు 4.35 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల సాకెట్ మీద మూడు పెడితే 13 దాకా అవుతుంది, నాలుగు పెడితే 17 దాటుతుంది. "ఇంకొక్కటే కదా" అని నాలుగోది తగిలించేది ఆ సాకెట్ వెనకున్న వైరుని చూడనివాళ్లు. మొత్తం లోడు ఎంతో కాగితం మీద కూడి, మూడు ఫేజుల మీద సమానంగా పంచమని యూనివర్సిటీ ఎలక్ట్రీషియన్‌ని ముందుగానే కలిసి అడగండి. ఆయన్ని గౌరవంగా పిలవండి, టీ ఇప్పించండి, పని నేర్చుకోండి. మెయిన్ బోర్డు మూత మాత్రం మీరు తీయకండి. సౌండ్‌కి వేరే ఫేజు అడగండి, డిమ్మర్ల గుయ్యిమనే చప్పుడు స్పీకర్లలోకి రాకుండా ఉంటుంది.

పైనుండే బారుకి (గొట్టానికి) కట్టే ప్రతి లైటుకీ బిగింపు కాకుండా సేఫ్టీ చైన్ ఉండాలి. ఒక్కటి కూడా మినహాయింపు లేదు. అయిదారు కిలోల ఇనుము పడేది ఎవరి తల మీదో ఆలోచించండి. నిచ్చెన మీద ఒకరుంటే కింద పట్టుకునేవాళ్లు ఒకరుండాలి, పట్టుకున్నవాళ్లు ఫోన్ చూడకూడదు. పైకి తీసుకెళ్లే స్పానర్‌కి తాడు కట్టి నడుముకి ముడేసుకోండి. పైన పని జరుగుతుంటే స్టేజి మీద ఎవరూ తిరగకూడదు, డైరెక్టరైనా సరే. హాలోజన్ బల్బుని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటుకున్న చోట గాజు ఎక్కువ వేడెక్కి పగిలిపోతుంది. కర్టెన్లకి దూరంగా కట్టండి.

నిచ్చెన అనగానే గుర్తొచ్చింది. మన డిపార్ట్‌మెంట్లలో ఆడపిల్లలకి కాస్ట్యూమ్స్, మగపిల్లలకి లైట్లు అని ఎవరూ చెప్పకుండానే పంచేసుకుంటారు. దీన్ని మీ జట్టులో రానివ్వొద్దు. ఎక్కాలనుకున్న ప్రతి అమ్మాయికీ నిచ్చెన, స్పానర్, బోర్డు మూడూ అందాలి. యూనివర్సిటీ నాటకం వేసేది నేర్చుకోడానికి. లైట్లు ఎంత అందంగా వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఫస్టియర్ పిల్లల్లో ఎంతమందికి ఆ పని చేతికి వచ్చిందన్నదీ అంతే ముఖ్యం.

ఫోకస్ రోజు చిన్న చిట్కా. లైటు గుండెకాయ, అంటే వెలుగు నడిభాగం, ఎక్కడ పడుతోందో పైనున్నవాళ్లకి తెలియదు. నటుడు నిలబడే చోట మీరే నిలబడి, లైటుకి వీపు తిప్పి, నేల మీద మీ నీడ తలని చూడండి. మీ తల నీడ వెలుగు నడిమధ్య ఉంటే నటుడి ముఖం సరిగ్గా అందుతోందన్నమాట. నేరుగా లైటులోకి చూస్తూ నిలబడితే పది లైట్లకే కళ్లు పోతాయి.

ఆ తరవాత క్యూ షీట్. వెలుగులో వచ్చే ప్రతి మార్పుకీ (దాన్నే క్యూ అంటాం) ఒక నంబరు, ఏ మాట మీద లేక ఏ కదలిక మీద, ఎన్ని సెకన్లలో, ఏం మారుతుంది, ఎందుకు మారుతుంది. ఆ "ఎందుకు" అనే గడి చాలామంది రాయరు, మీరు రాయండి. "తల్లి ఒంటరి అయింది" అని రాసి ఉంటే, నటి ఆ రోజు రెండు సెకన్లు ఎక్కువ ఆగినా బోర్డు మీదున్న పిల్ల చెయ్యి కూడా ఆగుతుంది. ప్రదర్శనలో పిలుపు ఇచ్చేది స్టేజ్ మేనేజర్. "క్యూ 14 స్టాండ్‌బై" అంటే సిద్ధం, "గో" అంటే నొక్కడం. హెడ్‌సెట్ మీద ఇంకే సందర్భంలోనూ ఎవరూ "గో" అనకూడదు, సరదాకైనా.

లైట్లూ సౌండూ కలిపి చూసుకునే టెక్ రిహార్సల్‌లో నటులు మీ కోసం ఆగి ఆగి చేస్తారు, అలసిపోతారు. వాళ్ల సమయం తినకుండా ఉండాలంటే ముందు రోజే ఖాళీ స్టేజి మీద క్యూలన్నీ వేసి ఉంచుకోవాలి. బ్లాకౌట్ పెట్టే ప్రతిచోటా, ఆ చీకట్లో నటుడు ఎటు నడవాలో స్వయంగా నడిచి చూడండి. మెట్ల అంచులకీ, బల్ల మూలలకీ చీకట్లో మెరిసే టేపు అంటించండి, స్టేజి పక్కనుండే వింగుల్లో నీలి బల్బులు పెట్టండి. మినుకు మినుకుమనే స్ట్రోబ్ లైటు మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం. వాడితే గేటు దగ్గర బోర్డు పెట్టాలి. వాడకుండా కథ చెప్పగలిగితే ఇంకా మంచిది. పొగ మిషన్ పెడుతుంటే నటుల్లో ఆస్తమా ఉన్నవాళ్లెవరో ముందే అడిగి తెలుసుకోండి.

ప్రదర్శన రోజు తలుపులు తీయకముందే లైట్లన్నీ ఒక్కొక్కటీ వెలిగించి చూడమని ఆపరేటర్‌కి చెప్పండి. మీరు వెళ్లి ఏ చివరి వరసలోనో కూర్చోండి. రెండో రోజు పక్క వరసలో. నోట్స్ రాసుకుని మర్నాడు ఇవ్వండి, మధ్యలో బోర్డు దగ్గరికి పరిగెత్తకండి. ఆ పిల్లని నమ్మి అప్పగించారు కదా.

చివరి ప్రదర్శన అయిన రాత్రి అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మీ జట్టు ఉండాలి. లైట్లు చల్లారాక దించండి, వైర్లు మెలిక పడకుండా చుట్టండి, కాలిపోయిన బల్బుల లెక్క, చిట్లిన వైర్ల లెక్క స్టోర్ పుస్తకంలో రాయండి. ప్లాట్ (ఏ లైటు ఎక్కడ కట్టాలో చూపే పటం), ప్యాచ్ లిస్ట్ (ఏ లైటు ఏ ఛానెల్‌కో చెప్పే జాబితా), క్యూ షీట్ మూడూ ఒక ఫైల్‌లో పెట్టి, వచ్చే ఏడాది జూనియర్లకి దొరికే చోట ఉంచండి.

ప్లాట్ మొదటి డ్రాఫ్ట్ గీశాక ఫొటో తీసి పంపండి. లోడు లెక్క కూడా దాంతో పాటు పంపాలి, అది లేకుండా ప్లాట్ చూడను.

ఆశీస్సులతో,
మీ మావయ్య