చక్రాల ఇంట్లో నీళ్ళ సంగతి

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో మొదటి సాయంత్రం మా ట్రైలర్‌లో, అంటే కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇంట్లో, పప్పు ఉడకలేదు. గిన్నెలో కందిపప్పు పోసి గంటసేపు మరిగించినా పలుకుగానే ఉంది. పిల్లలకు ఆకలి, మా అమ్మకు టెన్షన్. ఇండియా నుంచి వచ్చి నెల కూడా కాలేదేమో, ఇక్కడి పప్పే ఇంతనుకుంది. పప్పుది తప్పు కాదు, ఎత్తుది. మేము దిగిన ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు (ఇలాంటి బళ్ళు నిలుపుకునే చోటు) సముద్రమట్టానికి దాదాపు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగవు, 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట పెంచితే ఆవిరి ఎక్కువవుతుందే తప్ప నీళ్ళ వేడి పెరగదు.

మర్నాడు ప్రెషర్ కుక్కర్ తీశాం. కుక్కర్ వెయిటు బయటి గాలి ఒత్తిడికి తోడు, దాదాపు సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడంత ఒత్తిడిని కలుపుతుంది. మైదానంలో లోపల 120 డిగ్రీలుంటే అక్కడ 115, 116 ఉంటుంది. రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే సరిపోయింది. కొండ ప్రాంతానికి వెళ్ళేటప్పుడు ఏది మరిచినా కుక్కర్ మాత్రం మరవకండి. ఇంకో మాట. ఆ పార్కులో గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బళ్ళకే అనుమతి. చుట్టుపక్కల గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి. పోపు వాసన మనకే కాదు, వాటికీ తెలుస్తుంది. తిన్న వెంటనే బల్ల తుడిచి, గిన్నెలూ చెత్తా లోపల పెట్టేయాలి.

ఒహాయోలో ఉంటూ చాలా ఏళ్ళుగా ఈ ట్రైలర్‌ను లాక్కుని తిరుగుతున్నాం. దీన్ని పాడుచేసేది దారి అనుకునేవాణ్ణి. కాదు, నీళ్ళు. గడ్డకట్టినా, ఆవిరైనా, చుక్కలుగా కారినా నీళ్ళే.

చలికాలం సంగతి ముందు చెప్పాలి, ఎక్కువ నష్టం అక్కడే. చాలా ద్రవాలు గడ్డకడితే కుంచించుకుపోతాయి. నీరు మాత్రం దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మంచులో అణువులు ఆరు మూలల గూళ్ళలా అమరి, మధ్యలో ఖాళీ వదులుతాయి. అందుకే పైపులు పగులుతాయని అందరికీ తెలుసు. కానీ పగులు చాలాసార్లు మంచు ఉన్న చోట రాదు. పైపు మధ్యలో మంచు బిరడాలా బిగుసుకుని, ముందుకు పెరుగుతూ మూసిన కుళాయి వైపు నీళ్ళను నెడుతుంది. పోయే దారి లేక ఒత్తిడి విపరీతంగా పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. ఇప్పటి ట్రైలర్లలో ప్లాస్టిక్ పైపులు కాస్త సాగుతాయి. పోయేది పంపు, వాల్వులు, జాయింట్లు.

మొదటి ఏడాది మాకు ఇదే జరిగింది. కుళాయిలన్నీ ఖాళీ చేశాం కానీ బయటి గోడలో చిన్న తలుపు వెనకున్న షవర్ గుర్తుకు రాలేదు. వసంతంలో నీళ్ళు పెట్టగానే అలమర కింద నుంచి ధార కట్టింది. దాని వాల్వు నిలువునా చీలిపోయి ఉంది. నేలచెక్క మార్చడానికి అయిన ఖర్చుతో ఆ వేసవి ప్రయాణమే మానుకున్నాం.

ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. నీళ్ళు గడ్డకట్టే మొదటి రాత్రికి ముందే ట్యాంకులూ, అడుగునున్న డ్రెయిన్లూ తెరిచేస్తాం. వాటర్ హీటర్ ఆపి, చల్లారనిచ్చి, వేడినీళ్ళ కుళాయి తిప్పి ఒత్తిడి పోయాకే దాని బిరడా విప్పుతాం. తొందరపడితే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. తర్వాత హీటర్‌లోకి పోకుండా బైపాస్ చేసి, గులాబీ రంగు యాంటీఫ్రీజ్‌ను (చలికి పైపులు పగలకుండా కాపాడే ద్రవం) పంపుతో ఎక్కించి, వేడి, చల్ల కుళాయిలు రెండింటిలోనూ, టాయిలెట్‌లోనూ, బయటి షవర్‌లోనూ గులాబీ రంగు కనబడేదాకా వదులుతాం. సింకుల కింద వంపుల్లో కూడా ఓ కప్పు పోయాలి. డబ్బా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉందో లేదో చూసి కొనండి. కారు రేడియేటర్‌లో పోసే దాంట్లో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. తాగే నీళ్ళ పైపుల్లోకి అది పోనే కూడదు.

ఇక పైకప్పు. కప్పు అంచుల్లో అల్యూమినియం పట్టీలుంటాయి. ఏడు మీటర్ల పట్టీ, చలికీ ఎండకీ మధ్య 50 డిగ్రీల తేడా ఉంటే 8 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, కుంచించుకుంటుంది. కింద ఉన్న చెక్క అంత కదలదు. ఈ లాగులాటంతా మధ్యలో సందు మూసే సీలెంట్ మీద పడుతుంది. కొన్నాళ్ళకు వెంట్రుకవాసి చీలిక వస్తుంది. నీళ్ళకు అంత చాలు. చాలా ట్రైలర్ల గోడలో పైన పల్చటి ఫైబర్‌గ్లాస్, దాని వెనక ప్లైవుడ్, లోపల ఫోమ్, అన్నీ జిగురుతో అతికించి ఉంటాయి. తడి తగిలితే జిగురు వదిలేసి గోడ పొక్కులా ఉబ్బుతుంది. లోపల మరక కనబడిన చోటుకూ, నీళ్ళు దూరిన చోటుకూ బారెడు దూరం ఉండొచ్చు. మూడు నెలలకోసారి నిచ్చెన వేసుకుని వెంట్లు, స్కైలైట్లు, అంచులు చూడండి. లోపల మూలల్లో వేలితో నొక్కండి, మెత్తగా దిగితే చెక్క కుళ్ళుతున్నట్టే. రబ్బరు కప్పు మీద మామూలు సిలికాన్ పూయకండి. అది సరిగ్గా పట్టదు, తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు.

లోపల పుట్టే నీళ్ళు కూడా ఉన్నాయి. స్టవ్‌లో మండే ప్రొపేన్ గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. నలుగురు పడుకుంటే రాత్రంతా ఊపిరిలోంచి వచ్చేది దానికి తోడు. తెల్లారేసరికి కిటికీలు చెమ్మగిల్లి, పరుపు అడుగున బూజు పడుతుంది. చలిగా ఉన్నా కప్పు వెంటు రెండంగుళాలు తీసి ఉంచండి, నెలకోసారి పరుపు ఎత్తి చూడండి. వెచ్చదనం కోసం మాత్రం స్టవ్ వెలిగించకండి. మూసిన గదిలో మంటకు ఆక్సిజన్ చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గదిని వేడిచేసే ఫర్నేస్ అయితే పొగనూ ఆవిరినీ బయటికి పంపుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీ ఉంటే చాలదు, వెనక ఉన్న గడువు తేదీ కూడా చూడాలి. గ్యాసు లీకు అలారం నేల దగ్గర ఎందుకు పెడతారంటే, ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కిందికే చేరుతుంది.

గ్యాసుతో నడిచే పాత రకం ఫ్రిజ్ నాకు చాలా ఇష్టమైన యంత్రం. మంట పెడితే చల్లబడుతుంది! 1922లో స్టాక్‌హోమ్‌లో ఇద్దరు విద్యార్థులు, బాల్ట్జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్, దీన్ని తయారు చేశారు. నీళ్ళలో కరిగిన అమ్మోనియాను మంట విడదీస్తుంది. అది ద్రవమై, హైడ్రోజన్ మధ్య ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుని, మళ్ళీ నీళ్ళలో కరుగుతుంది. తిప్పే మోటారు లేదు, మంట వేడికి పైకెక్కిన ద్రవం భూమి ఆకర్షణ మీదే కిందికి పారుతుంది. అందుకే ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి నిలబడితే ఆ పారకం ఆగిపోతుంది. మరిగే చోట ద్రవం అయిపోయి గొట్టం కాలి, తుప్పు పట్టకుండా వేసిన రసాయనం గడ్డకట్టి దారి మూస్తుంది. ఆ పాడు మళ్ళీ బాగుపడదు. దిగగానే చక్రాల కింద చెక్కలు పెట్టి, లెవెల్ చూసుకున్నాకే ఫ్రిజ్ వెలిగించండి.

దారి విషయం క్లుప్తంగా. టైరు మీద DOT అక్షరాలతో మొదలయ్యే నంబరులో చివరి నాలుగంకెలు అది పుట్టిన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు బాగున్నా ఐదారేళ్ళకు మార్చేయండి, నిలిపి ఉంచినా రబ్బరు ముసలిదవుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే చోటు) మీద పడాలి. తగ్గితే వెనక భాగం తోకలా ఊగుతుంది. ఊగితే కారు బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకును మాత్రమే చేత్తో పట్టాలి. ఇక్కడా నీళ్ళే. 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 150 కిలోలు. అది ఇరుసుకు వెనక ఉంటే హిచ్ మీద బరువు తగ్గుతుంది.

వసంతంలో గులాబీ ద్రవం కడిగేశాక 15 గ్యాలన్లకు పావు కప్పు వాసన లేని బ్లీచ్ చొప్పున ట్యాంకులో కలిపి, అన్ని కుళాయిల్లోకీ రానిచ్చి, ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడుగుతాం. ఆ తర్వాత కుళాయిలన్నీ కట్టేసి, పంపు ఆన్ చేసి, పిల్లలతో సహా అందరం అరగంట మాట్లాడకుండా కూర్చుంటాం. పంపు కాసేపు గుర్రుమని ఆగిపోవాలి. ఎవరూ నీళ్ళు వాడకుండానే మళ్ళీ ఒక్క క్షణం గుర్రుమందంటే ఎక్కడో చుక్క కారుతున్నట్టు. అప్పుడు టార్చ్ తీసుకుని ముందుగా బయటి షవర్ దగ్గరికే వెళ్తాను.