పద్యం పాఠంలో ఆటలు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. పద్యభాగం మొదలవగానే సగం తరగతి ముఖాలు వాడిపోతాయి. ఆటలతో చెప్పి చూడమంటే తోటి టీచర్లు ఎప్పుడూ అవే అభ్యంతరాలు చెబుతారు. వాటికి నా తరగతిలో నాకు దొరికిన జవాబులు ఇవి.

అపోహ: ఆటలు పెడితే సిలబస్ పూర్తి కాదు.
వాస్తవం: ఒక ఆటకు పది నిమిషాలు చాలు. ఆడుతూనే పద్యం సగం నోటికి వచ్చేస్తుంది కాబట్టి, తర్వాత ఒక్కొక్కరి చేత అప్పజెప్పించుకునే సమయం మిగులుతుంది.

అపోహ: బహుమతి ఉంటేనే పిల్లలు ఉత్సాహంగా ఆడతారు.
వాస్తవం: మొదట్లో నేనూ చాక్లెట్లు పంచాను. మూడో వారానికి "ఈరోజు ఏమిస్తారు మేడమ్?" అనే ప్రశ్నే మిగిలింది. పద్యం గురించి ఒక్కరూ అడగలేదు. చాలా బాధేసింది. అప్పటి నుంచి ఆట పద్యం లోపలే ఉండేలా చూసుకుంటున్నాను.

ఉదాహరణకు, సుమతీ శతకంలోని "అక్కరకు రాని చుట్టము", "ఎప్పుడు సంపద కలిగిన" పద్యాల పాదాలను ఎనిమిది చీటీల మీద రాసి, కలిపేసి, ఒక్కో జట్టుకు ఇస్తాను. పుస్తకం తెరవకూడదు. అర్థం తెలియకపోయినా ఫర్వాలేదు, రెండు పద్యాలనూ విడదీయాలి. రెండింటి చివరా "గదరా సుమతీ" అనే ఉంటుంది, అందుకని మకుటం వల్ల ఉపయోగం లేదు. కాసేపు తికమకపడతారు. తర్వాత ఎవరో ఒకరు పట్టేస్తారు. అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున ఒక కుప్ప. ఎప్పుడు, నప్పుడు, దెప్పలుగ, గప్పలు ఇంకో కుప్ప. "రెండో అక్షరం అన్నిటికీ ఒకటే మేడమ్!" అని అరుస్తారు. ఆ అరుపు వినబడ్డాకే బోర్డు మీద 'ప్రాస' అని రాస్తాను. నిర్వచనం ముందే చెప్పేస్తే కనిపెట్టిన సంతోషం వాళ్లకు దక్కదు.

అపోహ: ఛందస్సు కష్టం, సూత్రాలు బట్టీ పట్టించడమొక్కటే దారి.
వాస్తవం: పిల్లలకు టెన్షన్ పుట్టించేది గణాల (అక్షరాల గుంపుల) పట్టిక. లయంటే వాళ్లకు భయమే లేదు. మా క్లాసులో గురువు (పలకడానికి రెండు చిటికలంత సమయం పట్టే అక్షరం) వస్తే కాలితో నేల తట్టాలి, లఘువు (ఒక చిటికంత సమయం పట్టే అక్షరం) వస్తే చిటిక వేయాలి. ముందుగా "విశ్వదాభిరామ వినురవేమ" తీసుకుంటాం. విశ్వ, దాభి, రామ: మూడుసార్లూ ఒక తట్టు, ఒక చిటిక. 'వినుర' దగ్గర మూడు చిటికలు. 'వేమ'కు మళ్లీ తట్టు, చిటిక. ఒక తట్టు, ఒక చిటిక గానీ, మూడు చిటికలు గానీ ఉంటే అది సూర్యగణం. ఆటవెలది పద్యం రెండో పాదంలో, నాలుగో పాదంలో ఉండే ఐదు సూర్యగణాలు ఇవే. నాలుగో గణం కూడా 'వి'తోనే మొదలైందని ఒక ఏడో తరగతి పాప గమనించింది. ఆ రోజు యతి (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో వచ్చే జోడీ) గురించి నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన పని పడలేదు.

మాత్రాఛందస్సుకైతే (లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు లెక్కపెట్టే ఛందస్సు) మన పక్కనే ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ ఉండనే ఉన్నాడు. "మంచి అన్నది పెంచుమన్నా" అని తకిట తకధిమి, తకిట తకధిమి వేయిస్తే మూడు, నాలుగు మాత్రల నడక చేతుల్లోకి వచ్చేస్తుంది.

అపోహ: కంఠస్థం చేయించడం పాత పద్ధతి.
వాస్తవం: నేను ఒప్పుకోను. నోటికి రాని పద్యం మనసులో నిలవదు. పద్యాలతో అంత్యాక్షరి ఆడించండి, జట్టు గెలవాలని పిల్లలే ఇంటి దగ్గర నేర్చుకుని వస్తారు.

అపోహ: ఇంట్లో యాస మాట్లాడే పిల్లలకు పద్యం పట్టుబడదు.
వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మన 'బేగి' (త్వరగా) అనే మాటలో కూడా ఒక గురువు, ఒక లఘువు ఉన్నాయి, అదీ సూర్యగణమే. మీ ఇంటి మాటలతో ఐదు సూర్యగణాల పాదం కట్టండని చెప్పాను. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే పెదజాలరిపేట పిల్లాడు వేళ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి బోర్డు మీద రాశాడు:

"వలకు చిక్కె నేడు వంజరాలు"

తరగతంతా తట్టి, చిటికలు వేసి చూసింది. గణాలు సరిపోయాయి. వ, వం యతి కూడా కుదిరింది. ఆ పాదాన్ని బోర్డు మూలన చెరపకుండా ఉంచాం. మిగతా మూడు పాదాలు ఇంకా కట్టాలి. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత వాటికంటే పొడవైన రెండు ఇంద్రగణాలు రావాలి కదా, వచ్చే వారం వాటితో ఆడతాం.