"గుడ్డు పెట్టి పంపుడేనా టీచరమ్మా?": అంగన్‌వాడీ చదువు మీద అపోహలు, వాస్తవాలు

మధ్యాహ్నం మనవణ్ని తీసుకుపోవడానికి వచ్చే ఓ నానమ్మ, గడప దగ్గరే నిలబడి నెలకోసారైనా నన్ను కడిగేస్తుంది. "ఏడాదాయె టీచరమ్మా, ఒక్క అక్షరం దిద్దిపిస్తలేవు. గుడ్డు పెట్టి పంపుడేనా?" నాకు కోపం రాదు. ఊళ్లో సగం మంది మనసులో ఉన్నదే ఆమె నోటి నుంచి వస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అంగన్‌వాడీ అంటే తిండి పెట్టే చోటు.

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిచే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పుడు పెట్టుకున్న ఆరు సేవల్లో బడికి ముందు చదువు కూడా ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అది. గుడ్డు కంటికి కనపడుతుంది, చదువు కనపడదు. చిక్కంతా అక్కడే.

అపోహ: మూడేళ్లకే పలక పట్టించకపోతే వెనకబడిపోతారు.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది దీని మీదే. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తగా ఉండి, ఒక్కోటీ ఒక్కో వయసులో గట్టిపడుతూ వస్తాయి. ఆఖరిది గట్టిపడే సరికి పిల్ల మూడో తరగతో నాలుగో తరగతో దాటుతుంది. అలాంటి చేతికి బలపం ఇచ్చి 'అ' వందసార్లు దిద్దమంటే పలకను చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయ ఈనె తీయడం, కాగితం చింపడం: ముందు రావాల్సినవి ఇవి.

మా ఊరి కుమ్మరాయన వారానికో బకెట్ నానబెట్టిన మట్టి ఇచ్చిపోతాడు. బలపాన్ని పిడికిలితో పట్టే పిల్లగాడొకడు వానాకాలమంతా ఆ మట్టితో పాములే చేశాడు. ఇంకేం చేయమన్నా పామే. దసరా దాటాక, పాము తోక సన్నగా రావాలని బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి నలపడం మొదలుపెట్టాడు. బలపం పట్టుకునేది ఆ మూడు వేళ్లతోనే! నేను నేర్పలేదు, పాము నేర్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా లెక్కేసి, ఆరేళ్లకు ఒకటో తరగతి అంటోంది. తొందరంతా మనదే.

అపోహ: చదువురాని నానమ్మ ఏం నేర్పుతుంది?

ఆ నానమ్మ మనవడు ఫోన్లో విని ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తాడు. "ఐదు చింతగింజలియ్యి" అంటే గుప్పెడు తీసి పోస్తాడు. ఓ రోజు ఆమెను లోపలికి పిలిచి, వామనగుంటల పీట వేసి, వాడితో ఆడమన్నా. గుంటకో గింజ వేసుకుంటూ పోవాలి. వాడు ఒక గుంటలో రెండేస్తే ఆమె ఊరుకోదు, చేతి మీద ఒక్కటేస్తుంది. (దెబ్బ వద్దని చెప్పా, వినలేదు.) రెండు వారాలకు వాడు ఐదంటే ఐదే ఇస్తున్నాడు. లెక్కల్లో మొదటి మెట్టు అదే అని చెప్తే, "గింతేనా? గిది నాకెర్కే" అంది.

అపోహ: ఇంట్లో లంబాడీ మాట్లాడితే తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు.

ఇక్కడ తప్పు నాదే. నేను చేరిన తొలి ఏడు, తండా నుంచి వచ్చిన ఓ పాప మూడు వారాలు నోరు విప్పలేదు. 'మాటలు ఆలస్యం' అని రిజిస్టరులో రాసేశా. మా ఆయమ్మ లంబాడీ ఆమె. ఓసారి అన్నం పెడుతూ వాళ్ల భాషలో ఏదో అడిగింది. అంతే, వాళ్ల మేక ఈనిన సంగతంతా పాప చేతులు తిప్పుతూ చెప్పింది, 'యాడి' (అమ్మ) ఏం చేసిందో కూడా. ఆ రాత కొట్టేశా. సొంత భాషలో కథ చెప్పగలిగిన పిల్లకు రెండో భాష ఎక్కించడం తేలిక. నోరే మూయించాక ఏ భాష ఎక్కిస్తాం?

అపోహ: ఫోన్లో రైమ్స్ పెడితే చాలు.

ఫోను ఎదురు ప్రశ్న అడగదు. పిల్ల అడిగినా వినదు.

అపోహ: ఇది టీచరు పని, ఊరికేం సంబంధం?

మట్టి ఇచ్చింది కుమ్మరి. ముక్కలు నున్నగా చిత్రిక పట్టి దిమ్మెలు చేసిచ్చింది వడ్రంగి. నాన్నలు మాత్రం మీటింగంటే భార్యల్ని పంపి తప్పించుకుంటారు, వాళ్ల సంగతి ఇంకా తేలలేదు. అన్నిటికన్నా పనికొచ్చింది ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎం సారు ఒప్పుకున్న ఓ చిన్న ఏర్పాటు: ఎండాకాలం సెలవులకు ముందు, ఒకటో తరగతికి పోబోయే పిల్లలు మూడు రోజులు గంటసేపు అక్కడ కూర్చుంటారు. నల్లా ఎక్కడుందో, ఒంటికి ఎటు పోవాలో, సారు గొంతు ఎలా ఉంటుందో చూసుకుంటారు. పిల్లను బడికి సిద్ధం చేయమని అందరూ నాకే చెప్తారు. బడి కూడా పిల్లకు సిద్ధం కావాలి కదా.

పోయిన జూన్‌లో ఎవరూ ఏడవలేదని చెప్పను, ఇద్దరు ఏడ్చారు. పాముల పిల్లగాడు మాత్రం నేరుగా నల్లా దగ్గరికి పోయి నీళ్లు తాగి, ఏడుస్తున్న ఓ పిల్లను కూడా అక్కడికే పట్టుకుపోయాడు.