రెండు రీళ్ల 'కార్మెన్' నాలుగు రీళ్లు ఎలా అయింది?

ఇంటర్నెట్‌లో చాప్లిన్ పాత మూకీలు వెతుక్కుని చూసేవాళ్లకు 'కార్మెన్' పేరడీ దగ్గర ఒక తికమక ఎదురవుతుంది. ఒకచోట సినిమా అరగంటలో అయిపోతుంది. ఇంకోచోట గంట దగ్గరికి సాగుతుంది. రెండింటి మీదా చాప్లిన్ పేరే ఉంటుంది. నేను మొదట చూసింది పొడుగుదే. సగం దాటేసరికి విసుగొచ్చి, అంతటి చాప్లిన్ కూడా ఒక్కోసారి ఇలా తీస్తాడు కాబోలు అనుకుని ఆపేశాను. చాలాకాలానికి పొట్టిది చూశాకే, తప్పు ఆయనది కాదని అర్థమైంది.

1915లో అమెరికాలో కార్మెన్ పేరు మోగిపోతోంది. కథ కొత్తది కాదు. ఫ్రెంచి రచయిత మెరిమే 1845లో రాసిన కథను సంగీతకర్త బిజే 1875లో ఒపేరాగా, అంటే పాటల నాటకంగా మలిచాడు. స్పెయిన్‌లో స్మగ్లర్లతో తిరిగే జిప్సీ పిల్ల కార్మెన్, ఆమె కోసం ఉద్యోగం, పరువు అన్నీ పోగొట్టుకునే సైనికుడు డాన్ హోజే, మధ్యలో వచ్చే ఎద్దుల పోటీ వీరుడు ఎస్కమీయో. చివరికి హోజే ఆమెను పొడిచి చంపుతాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో జెరాల్డిన్ ఫరార్ 1914లో పేరుమోసిన గాయకుడు కారూసో పక్కన ఈ పాత్ర పాడి మెప్పించింది. మరుసటి ఏడాది దర్శకుడు సెసిల్ డెమిల్ ఆమెనే పెట్టి సినిమా తీశాడు. గొంతే ఆస్తి అయిన గాయనిని మాటా పాటా లేని మూకీలోకి తేవడం మామూలు సాహసం కాదు. ఆర్కెస్ట్రా వాయిస్తుండగా బోస్టన్ సింఫనీ హాల్లో తొలి ప్రదర్శన జరిగింది. దాదాపు అదే సమయంలో నటి థీడా బారాతో ఫాక్స్ కంపెనీ కూడా మరో కార్మెన్ వదిలింది. జనం రెండూ పోల్చుకుని చూశారు.

పేరడీకి ఇంతకంటే మంచి అదను దొరకదు. అసలు కథ అందరికీ తెలిసి ఉంటేనే వెక్కిరింత అందుతుంది. అప్పటికి చాప్లిన్ ఎస్సానే కంపెనీలో వారానికి 1,250 డాలర్ల జీతం మీద పనిచేస్తున్నాడు. దాన్ని పెట్టిన స్పూర్, ఆండర్సన్ అనే ఇద్దరి పేర్లలోని ఎస్, ఏ అక్షరాలు కలిపితే ఎస్సానే. ఏడాది ఒప్పందం ముగింపుకొస్తుండగా ఆయన రెండు రీళ్ల కార్మెన్ తీశాడు. డాన్ హోజే కాస్తా డార్న్ హోజరీ అయ్యాడు. హోజరీ అంటే మనకు తెలిసిందే, బనియన్లూ మేజోళ్లూ. డార్న్ అంటే చిరుగు కుట్టడం. అంటే మన వీరుడి పేరు చిరుగులు కుట్టిన మేజోళ్లు! కార్మెన్‌గా ఎడ్నా పర్వియన్స్ వేసింది.

ఇందులో నాకు ఎప్పటికీ వదలనిది చివరి సన్నివేశం. హోజరీ కార్మెన్‌ను పట్టుకుని నిలదీస్తాడు. అక్కడ చాప్లిన్ ముఖంలో నవ్వు తాలూకు జాడే ఉండదు. కళ్లలో నిజమైన బాధ, నిజమైన కసి. కత్తి దిగుతుంది, ఆమె ఒరిగిపోతుంది. తనూ పొడుచుకుని ఆమె మీద వాలిపోతాడు. మనం నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తుండగా ఎస్కమీయో వస్తాడు. చచ్చిపడి ఉన్న హోజరీయే కాలు వెనక్కి విసిరి అతన్ని ఒక్క తన్ను తన్నుతాడు! తర్వాత హోజరీ, కార్మెన్ ఇద్దరూ లేచి కూర్చుంటారు. పొడిస్తే అలుగు పిడిలోకి వెళ్లిపోయే నాటకాల కత్తి అది. దాన్ని మనకు చూపించి నవ్వుతారు. విషాదాన్ని అంత నిజంగా నటించి, ఆ వెంటనే దాని గుట్టు విప్పడం 26 ఏళ్ల కుర్రాడు చేసిన పని. తర్వాతి ఏళ్లలో ఏడిపిస్తూ నవ్వించిన చాప్లిన్ మొలక ఇక్కడే కనిపిస్తుంది నాకు.

1915 చివర ఎస్సానేతో ఒప్పందం అయిపోయింది. ఫిబ్రవరి 1916లో ఆయన మ్యూచువల్ కంపెనీలో చేరాడు. వారానికి 10,000 డాలర్లు, పైన లక్షా యాభై వేల బోనస్. బంగారు బాతు గూడు మారింది. ఎస్సానే చేతిలో మాత్రం కార్మెన్ నెగటివ్ మిగిలింది.

కంపెనీ ఏం చేసిందంటే, ఎడిటింగ్‌లో చాప్లిన్ తీసేసిన ముక్కలన్నీ ఏరి తెచ్చింది. తన నటుడు లియో వైట్ చేత, బెన్ టర్పిన్‌ను పెట్టి కొత్తగా జిప్సీల సన్నివేశాలు తీయించింది. మెల్లకన్ను టర్పిన్ మంచి హాస్యనటుడే, అందులో సందేహం లేదు. కానీ ఆ జిప్సీ ఉపకథకు అసలు కథతో పొత్తు కుదరదు. అన్నీ అతికించి 1916 ఏప్రిల్‌లో నాలుగు రీళ్ల సినిమాగా వదిలారు. రీలంటే వెయ్యి అడుగులు, అప్పటి వేగంలో దాదాపు పావుగంట. నాలుగు రీళ్లయితే అది షార్ట్ కాదు, పెద్ద సినిమా లెక్క. డబ్బు ఆశ తప్ప ఇందులో ఇంకో కారణం నాకు కనిపించదు. కామెడీకి ప్రాణం టైమింగ్. రెండు నవ్వుల మధ్య పావు నిమిషం అనవసరంగా కలిపినా రెండో నవ్వు చచ్చిపోతుంది. ఇక్కడ సినిమా నిడివే రెట్టింపు చేశారు.

చాప్లిన్ కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. తీసింది ఆయనే అయినా సినిమా కంపెనీ సొత్తు, దాన్ని మార్చకూడదనే షరతు ఒప్పందంలో లేదు. ఆ దెబ్బకు రెండు రోజులు మంచం దిగలేదని 1964లో వచ్చిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. అదొక మేలు కూడా చేసిందన్నాడు. పూర్తయిన తన సినిమాను కోయడానికీ, పొడిగించడానికీ, వేలు పెట్టడానికీ వీల్లేదన్న షరతును అప్పటినుంచీ ప్రతి ఒప్పందంలో రాయించుకున్నాడట.

ఆ తర్వాత ఆయన వేసిన అడుగులు ఈ కోణంలో చూస్తే బాగా అర్థమవుతాయి. ఫస్ట్ నేషనల్‌తో పది లక్షల డాలర్లకు పైబడిన ఒప్పందం, హాలీవుడ్‌లో సొంత స్టూడియో, 1919లో మేరీ పిక్‌ఫర్డ్, ఫెయిర్‌బ్యాంక్స్, గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సొంత సినిమా సంస్థ. అంతా ఒక్క కార్మెన్ వల్లేనని అనను, జీతం పెంచుకోవడం కూడా ఆయనకు ముఖ్యమే. కానీ కత్తెర ఇంకొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో ఆయనకు తెలిసొచ్చింది మాత్రం ఇక్కడే. ఎస్సానే అంతటితో ఆగలేదు. 1918లో ఇలాగే పాత ముక్కలు కలిపి మరో 'చాప్లిన్ సినిమా' వదిలింది.

పొడుగు కార్మెన్ దశాబ్దాల తరబడి తిరిగింది. 1928లో సౌండ్ కలిపి మళ్లీ విడుదల చేశారు కూడా. జనం చూసింది అదే, విమర్శకులు తీసిపారేసిందీ అదే. 1999లో పాత సినిమాలను బాగుచేసే డేవిడ్ షెపర్డ్ దీన్ని తిరిగి రెండు రీళ్ల రూపానికి తెచ్చాడు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి ఆయనకు దారి చూపినవి చాప్లిన్ ఓడిపోయిన ఆ కేసు కాగితాలే.

మీరు చూస్తున్న కాపీలో టర్పిన్ మాటిమాటికీ వచ్చిపోతూ కథ ఎటూ కదలకపోతే అది ఎస్సానే అతుకుల బొంత. ఆపేసి అరగంటది వెతకండి.