వెంకటాపురానికి వినిపించని సైరన్

2025 మే 7న విశాఖపట్నంలో సైరన్లు మోగాయి. పహల్గాం దాడి తర్వాత కేంద్ర హోంశాఖ దేశంలోని 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో చేయించిన ‘ఆపరేషన్ అభ్యాస్’లో విశాఖ కూడా ఉంది. శత్రు విమానాలు వస్తే ఏం చేయాలో జనానికి చూపించిన కసరత్తు అది. సరిగ్గా ఐదేళ్ల కిందట, 2020 మే 7 తెల్లవారుజామున, ఇదే నగరంలో గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పక్కనున్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి కమ్ముకొచ్చింది. ఆ రోజు మాత్రం ఏ సైరనూ మోగలేదు. తేదీలు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ యుద్ధానికి మోగే సైరన్ పక్కింటి ఫ్యాక్టరీ ప్రమాదానికి ఎందుకు మోగలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

విశాఖకు యుద్ధభయం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందీ ఈ తీరంలోనే. అంతకుముందే, 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం రెండూ చూశాక 1968లో సివిల్ డిఫెన్స్ చట్టం వచ్చింది. సైరన్ భాష కూడా ఆ వ్యవస్థ నేర్పిందే. పెరుగుతూ తగ్గుతూ రెండు నిమిషాలు మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తప్పినట్టు. ఆ సైరన్ ప్రభుత్వానిది, ఊరందరి కోసం పెట్టింది.

ఫ్యాక్టరీ సైరన్ సంగతి వేరు. షిఫ్టు మారిందని కూతవేసే యజమాని సొత్తు అది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని విని టైము చూసుకున్నారేమో గానీ, అది తమ కోసం మోగుతుందని ఎవరూ అనుకోలేదు. ఈ తేడా ఎంత ప్రాణాంతకమో భోపాల్‌లో బయటపడింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ ప్లాంటులో బయటివాళ్లకు వినిపించే సైరన్ మోగింది, కాసేపటికే ఆగిపోయింది. చిన్నచిన్న లీకులకు బస్తీల జనాన్ని కంగారు పెట్టకూడదన్న కంపెనీ పద్ధతి ప్రకారం దాన్ని ఆపేసి, లోపలివాళ్లకు మాత్రం వినిపించే సైరన్‌తో సరిపెట్టారు. బయట వేల మంది నిద్రలోనే గ్యాస్ పీల్చారు. కంగారు వద్దనుకున్న ఆ ఆలోచనే నాకు అన్నిటికన్నా భయంకరంగా కనిపిస్తుంది. ప్రాణం కాపాడుకునే కంగారు మనిషి హక్కు.

భోపాల్ తర్వాత చట్టాలు వరసగా వచ్చాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్లాంటులో ఏ ప్రమాదకర పదార్థం ఉందో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల ప్రజలకు చెప్పే బాధ్యత యాజమాన్యం మీద పెట్టారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు ఆ పనిని రెండు ముక్కలు చేశాయి. గోడ లోపలి అత్యవసర ప్రణాళిక కంపెనీది, గోడ బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. లోపలి కసరత్తు ఆరు నెలలకొకసారి, బయటిది కనీసం ఏడాదికొకసారి జరగాలి. 1996లో జిల్లా, స్థానిక స్థాయి సంక్షోభ బృందాలు కూడా వచ్చి చేరాయి. కాగితం మీద లోటేమీ లేదు. కానీ సైరన్ మీట మాత్రం గోడ లోపలే ఉండిపోయింది. అది వినాల్సినవాళ్లు గోడ బయట ఉన్నారు.

విశాఖకు హెచ్చరిక ముందే అందింది. 1997 సెప్టెంబరు 14 ఉదయం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ అంటుకుని సుమారు 60 మంది చనిపోయారు. నగరం నడిబొడ్డున అలాంటి ట్యాంకులుంటే ఏమవుతుందో అందరూ చూశారు.

వెంకటాపురం ప్లాంటు 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. ఊరవతల కట్టిన ఫ్యాక్టరీ అది. 1997లో కొరియా కంపెనీ ఎల్జీ కెమ్ చేతికి వచ్చి ఎల్జీ పాలిమర్స్ అయింది. ఈలోగా నగరం పెరుగుతూ పెరుగుతూ ప్రహరీ దాకా వచ్చేసింది.

2020లో లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆగింది గానీ ట్యాంకుల్లో స్టైరీన్ నిల్వ అలాగే ఉంది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, తనంతట తాను గట్టిపడకుండా నిరోధక రసాయనం కలుపుతూ ఉండాలి. ఆ రెండూ చాలక ట్యాంకు వేడెక్కి, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. పైకి తేలిపోకుండా నేలబారున పాకుతుంది, పల్లానికి పోతుంది. నేల మీద చాపేసుకుని పడుకున్నవాళ్లను ముందు పట్టేది అదే. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే కూలిపోయారు.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. ప్లాంటులో ప్రధాన గేటుతో కలిపి 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉందని, ఒక్కటీ వాడలేదని అందులో తేల్చింది. ఈ 36 అంకె చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. పరికరం లేక కాదు, ఖర్చు భరించలేకా కాదు. మీట నొక్కే చెయ్యి కరువైంది, అంతే. నొక్కి ఉంటే గోడవతల నిద్రలో ఉన్నవాళ్లకు కొన్ని నిమిషాలైనా దొరికేవి.

అయితే మోగినంత మాత్రాన సరిపోయేదా? ఆ కూత విని జనం ఎటు పరుగెత్తాలి? గాలికి అడ్డంగా పోవాలని, పల్లానికి కాకుండా మెరకకు ఎక్కాలని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలని ముందే తెలిసుండాలి. అది గోడ బయటి కసరత్తు నేర్పాల్సిన పాఠం. 2024 ఆగస్టు 21న విశాఖ దగ్గరి అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫార్మా కంపెనీలో 17 మంది కార్మికులు చనిపోయిన రోజున కూడా చర్చంతా గోడ లోపలి భద్రత చుట్టూనే తిరిగింది. అది అవసరమే. పక్క ఊళ్ల మాట మాత్రం మళ్లీ వెనకబడింది.

ఇప్పుడు సెల్‌ఫోన్లకే హెచ్చరిక పంపే పద్ధతి వచ్చింది. 2023లో ఫోన్లు ఉన్నట్టుండి పెద్దగా మోగి ‘ఇది పరీక్ష మాత్రమే’ అన్న సందేశం చూపించింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. తుపానుకు అది బాగా పనికొస్తుంది, రోజుల ముందే తెలుస్తుంది గనక. గ్యాస్ అంత గడువివ్వదు. ట్యాంకు దగ్గరివాడు కంట్రోల్ రూముకు చెప్పి, అక్కణ్నుంచి కలెక్టరేట్‌కు వెళ్లి, ఆ తర్వాత ఫోను మోగేసరికి ఆవిరి వీధి చివరికి చేరుతుంది. ప్రహరీ పక్క వీధికి ప్రహరీ మీది సైరనే కావాలి. దాని మీట ఒకటి కంపెనీ చేతిలోనే కాకుండా పోలీస్ స్టేషన్‌లోనో ఫైర్ స్టేషన్‌లోనో కూడా ఉండాలి. ఏడాదికొకసారి జరగాల్సిన ఆ బయటి కసరత్తు కిందటిసారి తమ వీధిలో ఎప్పుడు జరిగిందని ఫ్యాక్టరీల పక్కన బతికే పరవాడ, అచ్యుతాపురం, మల్కాపురం వాసులు జిల్లా యంత్రాంగాన్ని అడగవచ్చు.